సారు ప్యాంటు జేబు

మా మామగారు బతికే ఉన్నారు. ప్రతాప్‌గఢ్ దగ్గర పల్లెలో, ఎనభై ఒకటో ఏట, ఉసిరితోటకు కాపలా కాస్తూ, రెండు పూటలా రొట్టెల మీద నెయ్యి పోయించుకుంటూ నిక్షేపంగా ఉన్నారు. కాని అలహాబాదులో తక్కువలో తక్కువ ఆరువేలమంది ఆయన పోయారనే నమ్ముతారు. ఎలా పోయారో కూడా చెప్పగలరు. మాఘమేళాలో తెల్లవారుజామున స్నానానికి వెళుతూ, దారికి అడ్డంగా ఉన్న ఇనప బకెట్టును విసుగుకొద్దీ ఒక్క తన్ను తన్ని, కాలు జారి పడి, అక్కడికక్కడే. ఆ ఆరువేలమందికీ చెప్పింది నేనే.

'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం. ఈ మాట ఉన్నదున్నట్టు చెబితే మా హిందీ మీడియం పిల్లలు తెల్లమొహం వేస్తారు. బకెట్టు తంతే కాలు నొప్పి పుట్టాలి గాని ప్రాణం పోవడమేమిటి సార్ అంటారు. వాళ్ల తప్పేమీ లేదు. ఇంగ్లీషువాడు ఏ లోకంలో ఉండి ఆ మాట అన్నాడో వాడికే తెలియాలి. అందుకని మాటకో మనిషిని కట్టేసి, ఒక చిన్న కథ చెప్పి, నవ్వించి, తలలో మేకు దించాలి. మా కోచింగు లోకంలో దీన్ని ట్రిక్కు అంటారు. ట్రిక్కు లేని మాస్టారి క్లాసులో ఈగలు కూడా కూర్చోవు.

నా పేరు వింధ్యాచల్ దూబే. ఊరి పేరు మారింది గాని నా నోరు మారలేదు, ఇప్పటికీ అలహాబాదనే అంటాను. కటరాలో మేడమీద మూడువందలమంది పట్టే హాలు నాది. బల్లియా నుంచి, గాజీపూర్ నుంచి, బాందా నుంచి వచ్చి, ఒక్కో గదిలో ముగ్గురేసి సర్దుకుని, పొద్దున వండిన కిచిడీనే రాత్రికీ తిని సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు ఇంగ్లీషు దగ్గరకొచ్చేసరికి గోడ తగిలినట్టు ఆగిపోతారు. ఆ గోడకు నిచ్చెన వేసేది నేను. గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాట. సరే, కొంచెం గొప్పే.

పన్నెండువందల ఇడియమ్‌లకు పన్నెండువందల మంది మనుషులు కావాలి కదా. వాళ్లెక్కడినుంచి వస్తారు? మా ఇంట్లోంచి, మా అత్తవారింట్లోంచి. మా బావమరిది కమలాకాంత్ 'వెట్ బ్లాంకెట్', అంటే నలుగురూ సరదాగా ఉన్నచోట చేరి ఉత్సాహమంతా చప్పబరిచేవాడు. ఇక మా ఆవిడ కుసుమలత గని. తవ్వేకొద్దీ వస్తూనే ఉంటుంది. 'స్టార్మ్ ఇన్ ఎ టీకప్', చిన్న విషయానికి పెద్ద రభస, అంటే చక్కెర అయిపోయిన రోజున మా ఆవిడ. 'బుల్ ఇన్ ఎ చైనా షాప్', సున్నితమైనచోట మొరటుగా వ్యవహరించడం, అంటే పొద్దున్నే కప్పులు కడుగుతున్న మా ఆవిడ. 'వైట్ ఎలిఫెంట్', అంటే ఖర్చు తప్ప ఉపయోగం లేని వస్తువు. దానికి నేను చెప్పే ట్రిక్కు అన్నిటికంటే పేరు పొందింది. మా ఆవిడ ఎం.ఎ. హిందీ పట్టా: ఫ్రేము కట్టించాం, గోడకు మేకు కొట్టాం, వారానికోసారి దుమ్ము దులుపుతాం, ఇంతవరకు ఒక్క పూట అన్నం పెట్టలేదు. ఇది చెప్పగానే హాలు కప్పు ఎగిరిపోయేది.

ఇదంతా ఆమెకు తెలియదు. క్లాసు కటరాలో, ఇల్లు సలోరీలో. మధ్యలో సందులు, గొందులు. ఇంటి మాట క్లాసుకు వెళ్లేది గాని క్లాసు మాట ఇంటికి వచ్చేది కాదు. పదమూడేళ్లు అలా హాయిగా గడిచిపోయింది.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున కుసుమ్ నా ముందు చాయ్ పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"ఏమండీ, నేను ఫారం వేశాను."

"ఏం ఫారం?"

"జూనియర్ అసిస్టెంటు ఉద్యోగానికి. జనవరి ఆఖర్లో పరీక్ష. ప్రేమ్‌శీలను తోడు తీసుకెళ్లి ఇంటర్నెట్ కేఫులో నేనే నింపుకున్నాను."

ప్రేమ్‌శీల మా మేడమీది గదిలో ఈమధ్యే అద్దెకు దిగింది. బల్లియా పిల్ల, ఇరవై ఎనిమిదేళ్లు, మా ఆవిణ్ని వదినా అంటుంది, నా క్లాసులో మూడో వరసలో కూర్చుంటుంది. నోట్లో నువ్వుగింజ నానదు.

"ఇప్పుడు నీకెందుకు కుసుమ్ ఈ తలనొప్పి? అమ్మాయి లఖ్‌నవూ హాస్టల్లో చక్కగా చదువుకుంటోంది. ఇల్లు గడుస్తోంది."

"జూలైలో నాకు నలభై నిండుతాయి. ఆ తర్వాత నేను బతిమాలినా ఏ సర్కారూ నన్ను పరీక్షకు కూర్చోనివ్వదు. ఇదే మొదటిది, ఇదే ఆఖరిది." కొంగుతో చేతులు తుడుచుకుంది. "హిందీకి భయం లేదు. లెక్కలు కూరలబండి దగ్గర చేసినవే. దేశం సంగతులు పేపర్లో చదువుతాను. ఇంగ్లీషే, ఇరవై మార్కులు. అందులో సగం మీ ఇడియమ్సేనట. రోజూ ఒక్క గంట చెప్పండి, చాలు."

"దానికేం భాగ్యం, రేపే మొదలెడదాం," అన్నాను.

ఆ రేపు నెల్లాళ్లయినా రాలేదు. ఊరందరికీ చెప్పి చెప్పి ఇంటికొచ్చేసరికి గొంతు ఎండిపోతోందని నేను అనేవాణ్ని. అసలు సంగతి వేరు. ఆమె ముందు కూర్చుని ట్రిక్కులు చెప్పాలంటే ఏ ట్రిక్కు చెప్పాలి? ఏ తీగ లాగినా డొంకంతా కదులుతుంది.

ఇలా ఉండగా ఒక ఆదివారం మామగారు ఉసిరి మురబ్బా జాడీ పట్టుకుని బస్సు దిగారు. వాకిట్లో ఎండలో నులకమంచం వేసి కూర్చోబెట్టాం. కుసుమ్ వేయించిన అటుకుల్లో పచ్చి బఠాణీలు కలిపి తెచ్చింది. అదే సమయానికి నా శిష్యుడు ధ్రువ్‌చంద్ ఏదో అనుమానం అడగడానికి వచ్చాడు. గాజీపూర్ వాడు, మర్యాద ఎక్కువ. పెద్దాయన కనబడగానే వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు.

"తాతగారెవరమ్మా?"

"మా నాన్న," అంది కుసుమ్.

ధ్రువ్‌చంద్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత మెల్లగా లేచి, మామగారి పాదాలు నేలకు ఆని ఉన్నాయో లేదో ఒకసారి చూసుకున్నాడు.

"సొంత నాన్నగారా?"

"సొంతం కాక అద్దెకు తెచ్చుకుంటారా?"

"అది కాదమ్మా... మీ నాన్నగారు మేళాలో బకెట్టు తన్ని పోయారు కదా? మా బ్యాచ్ అంతా లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం కూడా పాటించాం."

మామగారికి కొంచెం చెవుడు. చేయి చెవికి అడ్డం పెట్టుకున్నారు. "ఎవరు పోయారు బాబూ?"

"మీరే తాతగారూ."

"నేనా? ఎప్పుడు?"

"ప్రతి బ్యాచ్‌లోనూ పోతారండి."

నేను అటుకులు గొంతుకు అడ్డంపడ్డట్టు దగ్గాను. ఎవరూ నా వీపు తట్టలేదు. మామగారు కాసేపు ఆలోచించి, "మరి పదమూడో రోజు భోజనాలు ఘనంగా పెట్టారా?" అని అడిగారు. పెట్టలేదని ధ్రువ్‌చంద్ తలూపాడు. "ఏం అల్లుడూ, ఇన్నిసార్లు చంపావు, ఒక్కసారైనా నలుగురికి పూరీలు వేయించలేకపోయావా?" అని ఆయన మంచం కిర్రుమనేలా నవ్వారు. తాను పోతే ఆరువేలమంది లేచి నిలబడ్డారన్న మాట ఆయనకు ఎంతో నచ్చింది. సాయంత్రం బస్సెక్కేదాకా ఎదురైనవాడికల్లా చెప్పారు.

కుసుమ్ నవ్వలేదు. తండ్రిని సాగనంపి, తిన్నగా మేడమీదికి వెళ్లి, ప్రేమ్‌శీల దగ్గర, నేను క్లాసులో అమ్మే 'దూబే సార్ ట్రిక్కులు' పుస్తకం తీసుకొచ్చుకుంది. వంటింట్లో పీట మీద కూర్చుని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీదాకా చదివింది. నేను రెండుసార్లు మంచినీళ్ల వంకతో వెళ్లి చూశాను. పెన్సిలుతో టిక్కులు పెడుతోంది.

మర్నాడు చాయ్‌తో పాటు పుస్తకం కూడా నా ముందుకు వచ్చింది.

"నలభై ఒకటి," అంది.

"ఏమిటి?"

"నా మీద ఉన్నవి. మా అమ్మ మీద పదకొండు. కమలాకాంత్ మీద తొమ్మిది. నాన్న ఒక్కసారే పోయారు, నయం." పేజీ తిప్పింది. "ఈ తెల్ల ఏనుగు. నా ఎం.ఎ. పట్టా. దీనికి పిల్లలు నవ్వుతారా?"

నేను ఒట్టి మూర్ఖుణ్ని. ఆ క్షణంలో కూడా నా లోపల ఉన్న మాస్టారు ముందుకొచ్చాడు. "అన్నిటికంటే దానికే ఎక్కువ నవ్వుతారు," అన్నాను.

ఆమె పుస్తకం మూసింది. ఇప్పుడు పడుతుంది పిడుగు అని నేను తల వంచుకుని సిద్ధమయ్యాను. పడలేదు. "పరీక్షకు ఇంకా యాభై అయిదు రోజులు. పోట్లాటకు నాకు తీరిక లేదు," అని కప్పు తీసుకుని వెళ్లిపోయింది. ఆ కప్పు కడుగుతుంటే వంటింట్లోంచి చప్పుడన్నదే రాలేదు. అంత నిశ్శబ్దంగా ఎవరైనా కప్పు కడగగలరని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ పుస్తకాన్నే ఆమె పట్టుదలగా బట్టీ పట్టింది. వారం తర్వాత ప్రేమ్‌శీల ఇరవై ప్రశ్నలు తయారుచేసి మాదిరి పరీక్ష పెట్టింది. నాలుగు మార్కులు వచ్చాయి. ఆరువేలమందికి పనిచేసిన మందు మా ఇంట్లో పనిచేయలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచాను, ఇల్లు మరిచాను.

"కథలన్నీ గుర్తున్నాయి వదినా నీకు, అర్థాలే పోతున్నాయి. ఇదేం చోద్యం?" అంది ప్రేమ్‌శీల.

"చైనా షాపు అని చూడగానే ఆ కప్పుల కథ గుర్తొస్తుంది. ఈ ఇంట్లో నా చేతిలో ఒక్క కప్పు పగల్లేదు. పగిలిన ఆరూ మీ సారు చేతిలోవే. అది తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఒళ్లు మండుతుంటే అర్థం ఎక్కడ నిలుస్తుంది?" కుసుమ్ పెన్సిలు కింద పడేసింది. "అబద్ధం నాకు గుర్తుండదమ్మా. జరిగిందైతే చచ్చినా మరిచిపోను."

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. "పోనీ నేను చెప్పనా? రేపటి నుంచి కూర్చుందాం," అన్నాను.

"మీ రేపు మీ దగ్గరే ఉంచుకోండి," అంది.

ఆ రోజే కుసుమ్ మా అమ్మాయి పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద సొంతంగా రాసుకోవడం మొదలుపెట్టింది. ప్రేమ్‌శీల మాట చెప్పి అర్థం చెప్పేది. కుసుమ్ పొయ్యి దగ్గర రొట్టె తిప్పుతూ రెండు నిమిషాలు ఆలోచించి, మా కాపురంలో జరిగినదాన్ని ఏదో ఒకటి ఏరి దానికి కట్టేసేది. అన్నీ జరిగినవేనట. ఒక్కటీ కల్పన కాదట. మార్కులు నాలుగు నుంచి తొమ్మిదయ్యాయి. తొమ్మిది పదమూడయ్యాయి. సంక్రమణ స్నానాలనాటికి పదిహేడు. నేను లోపల సంతోషించాను, పైకి మాత్రం "పరవాలేదు, బేసిక్కు బలంగా ఉంది," అన్నాను.

నోటుబుక్కులో ఏముందో నాకు తెలియదు. అడిగితే చూపించేది కాదు. కాని ప్రేమ్‌శీల పక్కగది పిల్లకు చూపించింది. ఆ పిల్ల జిరాక్స్ తీయించింది. మా సలోరీలో ఒక కాగితం జిరాక్స్ షాపు గడప తొక్కిందంటే సాయంత్రానికి పిల్లలు అద్దెకుండే లాడ్జీలన్నిటిలో ఉన్నట్టే.

మంగళవారం క్లాసు. హాలు కిటకిటలాడుతోంది. నేను చాక్‌పీసు అందుకుని "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అని రాశాను. ఎప్పుడో అరుదుగా జరిగేది అని అర్థం. నా ట్రిక్కు ప్రకారం పిల్లలు "కమలాకాంత్ చాయ్ తాగించడం" అనాలి. మూడువందల గొంతులు ఒక్కసారిగా, "సారు తిన్న కంచం సారే కడగడం!" అన్నాయి.

నేను నవ్వాను. మాస్టారన్నాక నవ్వాలి. "టర్న్ ఎ డెఫ్ ఇయర్" అన్నాను. వినీ విననట్టు ఊరుకోవడం.

"గ్యాస్ బండ అయిపోయిందని వదిన చెప్పినప్పుడు సారు!"

"బీట్ అరౌండ్ ద బుష్." అసలు విషయానికి రాకుండా డొంకతిరుగుడు.

"సైకిలు ఎక్కడ పోగొట్టారని వదిన అడిగినప్పుడు సారు!"

హాలు ఊగిపోతోంది. నా పదమూడేళ్ల సర్వీసులో అంత నవ్వు నేనెప్పుడూ రప్పించలేదు. అసూయ వేసిందంటే నమ్మండి. తమ మాస్టారి గుట్టు తెలిస్తే పిల్లలకు పండగే. అర్థాలు కూడా తప్పు పోకుండా చెబుతున్నారు, అది ఇంకా మంట. సరే, వీళ్ల నోరు మూయిద్దామని, ఏ ట్రిక్కూ దొరకదనుకున్న మాట ఏరి రాశాను. "మిస్ ద బోట్." అవకాశాన్ని చేజార్చుకోవడం. దీనికి మా ఇంట్లో ఏముంటుంది?

"సారు ప్యాంటు జేబు!" అన్నారు అందరూ.

నాకు అర్థం కాలేదు. నిజంగా కాలేదు. "ప్యాంటు జేబేమిటి? ప్రేమ్‌శీలా, లే. వివరం చెప్పు," అన్నాను.

ఆ పిల్ల లేచి చేతిలో కాగితం వీపు వెనక పెట్టుకుంది. ప్రేమ్‌శీల మాట దాచడం నేనెప్పుడూ ఎరగను. "వద్దులెండి సార్, ఇంకోటి అడగండి," అంది.

"చెప్పమన్నానా?"

జిరాక్స్ కాగితం తీసి చదివింది. "పదకొండేళ్ల కిందట బాలికల ఇంటర్ కాలేజీలో హిందీ టీచరు పోస్టు పడింది. ఫారం నింపి, ఫోటో అంటించి, సంతకం పెట్టి, కౌంటర్లో ఇమ్మని ఈయనకిచ్చాను. శుక్రవారం ఆఖరి తేదీ. ఇచ్చేశానన్నారు. సోమవారం బట్టలు ఉతుకుతుంటే ప్యాంటు జేబులో దొరికింది. మరిచిపోయారు, పాపం. మిస్ ద బోట్ అంటే అవకాశం చేజారడం."

వెనక బెంచీలవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. నేను కూడా నవ్వుతానని చూశారు. నా మొహం చూసి ఆపేశారు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. చాక్‌పీసు చేతిలో నలిగి పొడయింది. "ఇవాళ్టికి చాలు," అని మెట్లు దిగిపోయాను.

ఆమెకు తెలుసని నాకు తెలియదు. ఫారం దొరికిన సంగతి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు, ఉతుకులో నీళ్లపాలైందనుకున్నాను. ఇంటర్వ్యూ ఉత్తరం రాలేదేమండీ అని రెండుసార్లు అడిగింది, పోస్టువాళ్లను తిట్టి ఊరుకున్నాను. ఇక్కడిదాకా వచ్చాక మీ దగ్గర దాచడమెందుకు. నేను మరిచిపోలేదు. ఆ శుక్రవారం ఆ కాలేజీ గేటుదాకా వెళ్లాను. లైను చిన్నదే, ఏడెనిమిదిమంది. జేబు మీద చెయ్యి పెట్టుకుని ఎదుటి జామపళ్ల బండి దగ్గర నిలబడ్డాను. కౌంటరు కిటికీ మూసేదాకా అలాగే నిలబడ్డాను.

ఆ నెలలోనే నేను రాష్ట్ర సివిల్ సర్వీసు ఇంటర్వ్యూలో మూడోసారి తప్పాను. అదే నాకు ఆఖరి అవకాశం. ఊరంతా పరామర్శకొచ్చింది. ఇంట్లో చూస్తే ఈమె చంటిపిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో ఫారం నింపుతోంది. ఈమెకు ఉద్యోగం వస్తుందని నాకు ముందే తెలుసు. వస్తే నేను సర్కారు టీచరమ్మ మొగుణ్ని, ట్యూషన్లు చెప్పుకునేవాణ్ని. అంతే. ఇంత నీచమైన కారణానికి పెద్ద పేరేమీ అక్కర్లేదు. మరి ఆ పట్టానే తెల్ల ఏనుగని చెప్పి ఇన్నేళ్లూ నవ్వించాను. దానికి అన్నం పెట్టే దారి మూసింది నేనే.

'మరిచిపోయారు, పాపం.' ఆ 'పాపం' నన్ను నిద్రపోనివ్వలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పరీక్షకు ఇంకా పన్నెండు రోజులు. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోరు తెరిచాను. చెబితే ఆమె మనసు చెదిరి ఈ పరీక్ష కూడా పోతే? అందుకే ఊరుకున్నాను. అది మంచితనమో పిరికితనమో అప్పుడు తేల్చుకోలేకపోయాను, ఇప్పటికీ తేలలేదు. చేతనైనది చేశాను. కంచం కడిగాను. అన్నం వండాను, అడుగంటింది. ఆమె చదువుకుంటుంటే వీధిలో గాలిపటాల పిల్లల్ని తరిమాను. "మీకు ఒంట్లో బాగుందా?" అని ఆమె రెండుసార్లు అడిగింది.

పరీక్ష సెంటరు మీర్జాపూర్‌లో పడింది. మంచుకు రైళ్లు ఆలస్యమని ముందురోజే బస్సులో వెళ్లి ధర్మశాలలో దిగాం. పొద్దున ఒక స్కూలు గేటు ముందు వందలమంది. అమ్మానాన్నలు, అన్నలు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న మొగుళ్లు. గేటు దగ్గర గాజులు తీయించారు. కుసుమ్ ఆరు గాజులూ నా చేతిలో పెట్టి, అడ్మిట్ కార్డు పట్టుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. రెండుగంటలు ఆ గాజులు పట్టుకుని నిలబడ్డాను. నా సొంత పరీక్షలప్పుడు కూడా అంత దేవుణ్ని తలుచుకోలేదు.

బయటికొచ్చాక చాయ్ కొట్టు బెంచీ మీద కూర్చున్నాం. గాజులు వేసుకుంటోంది. ఇక ఆగలేకపోయాను.

"కుసుమ్, ఆ కాలేజీ ఫారం నేను మరిచిపోలేదు."

ఆమె నాలుగో గాజు ఎక్కించుకుంది. "తెలుసు."

"ఏం తెలుసు?"

"మరిచిపోలేదని."

"ఎలా?"

"ఆ శుక్రవారం సాయంత్రం మీరు అరకిలో ఇమర్తీలు తెచ్చారు. పండగ కాదు, పబ్బం కాదు. పెళ్లయ్యాక మీ అంతట మీరు మిఠాయి తెచ్చింది ఆ ఒక్కసారే. మరిచిపోయినవాడు ఇమర్తీలెందుకు తెస్తాడండీ?"

చాయ్ గ్లాసు నా చేతిలో చల్లారిపోతోంది. "మరి నోటుబుక్కులో... మరిచిపోయారు, పాపం అని..."

"ఇంకోళ్ల చేతిలో పడుతుందని తెలిసే రాశాను. ప్రేమ్‌శీల నోరు నాకు తెలీదా? ఉన్నదున్నట్టు రాస్తే ఆ పిల్లలు మళ్లీ మీ ముందు కూర్చుంటారా? మీకున్నది ఆ క్లాసొక్కటే."

అబద్ధం గుర్తుండదన్న మనిషి నోటుబుక్కు మొత్తంలో ఒకే ఒక్క అబద్ధం రాసింది, అదీ నా పరువు కోసం. నాకు ఏడుపు ఆగలేదు. నలభై ఆరేళ్లవాణ్ని, మీర్జాపూర్ నడిబజారులో మఫ్లరుతో మొహం కప్పుకుని ఏడ్చాను.

"ఏడవకండి. నేను పేపరు పాడుచేశాననుకుంటారు అందరూ," అంది.

"పదకొండేళ్లు ఎందుకడగలేదు నన్ను?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్పేవారు. ఉన్నది మోయడమే చాలా బరువుగా ఉండేది."

ఆమె మిగిలిన రెండు గాజులూ ఎక్కించుకుంది. తర్వాత నేను మొహం తుడుచుకుని, "పేపరు ఎలా రాశావు?" అన్నాను.

"ఇప్పటికి అడిగారు." గ్లాసు బెంచీ మీద పెట్టింది. "బాగా రాశాను. ఉద్యోగం వస్తుంది. ఏ జిల్లాలో వేస్తే ఆ జిల్లాకు వెళ్తాను. లలిత్‌పూర్ వేసినా సరే."

లలిత్‌పూర్ రాష్ట్రానికి ఆ చివర. నా హాలు, మూడువందలమంది, కటరా అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. "మరి నేను?" అన్నాను.

"రావాలనుంటే అర్జీ పెట్టుకోండి. ఆఖరి తేదీ చెబుతాను," అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

అలహాబాదు బస్సు వచ్చింది. ఒకటే సీటు ఖాళీగా ఉంది. ఆమె కూర్చుంది. నేను కడ్డీ పట్టుకుని రెండున్నర గంటలు ఆమె పక్కనే నిలబడి వచ్చాను.